రెండో మిషను మీది బొటనవేలు

మోసేవాళ్ళు నాలుగింటికి వస్తారని బావగారు గోడ మీద సుద్దముక్కతో రాసిపెట్టారు. మరిచిపోతామని కాదు. గోడ మీద రాస్తే ఇక ఎవరూ ఎదురు మాట్లాడరని ఆయన నమ్మకం. నేను ఆ సుద్దగీతల కిందే కూర్చుని రెండు టేపు మిషన్లకీ ఆఖరిసారి దుమ్ము తుడుస్తున్నాను. ఒక్కోటి బట్టల బీరువాని పడుకోబెట్టినంత ఉంటుంది. మా మామగారు కొన్నవి. మన రికార్డింగు గదికి ఇవే రెండు కళ్ళని అంటుండేవారు. ఇప్పుడు ఆ కళ్ళని ఎవరో హోటలాయన తీసుకుపోయి, వాళ్ళ ముందుగదిలో అద్దాల పెట్టెలో పెడతాడట. వచ్చేపోయేవాళ్ళు పక్కన నిలబడి ఫొటోలు దిగుతారట.

"చిన్నమ్మమ్మా, నీ బొటనవేలు కావాలి," అంటూ వచ్చింది పిట్ట, భుజం మీది గిటారు సంచీ దించకుండానే.

"కోసి ఇవ్వనా, చేతితో సహా కావాలా?"

"మనిషితో సహా కావాలి. పైగా ఇవాళే."

పిట్ట మా తోడికోడలి మనవరాలు. కూతురి కూతురు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. ఇప్పుడు ఇరవై మూడేళ్ళు, గొంతు మాత్రం లారీ హారను. ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తుంది. నాలుగు నిమిషాల ముక్క ఒకటి తయారు చేసుకుంది. దాంట్లో మాట ఒక్కటి కూడా లేదు. తన పేరుతో బయటికి వెళ్ళబోయే మొదటి రికార్డు అది.

నేల మీద తన చిన్న చిన్న పెట్టెలు వరసగా పరిచింది. కాలితో తొక్కే పెట్టెలు. ఒకటి తొక్కితే ఒక్క గిటారు ఇద్దరు వాయించినట్టు వినిపిస్తుంది. ఇంకోటి తొక్కితే మోత గాలికి ఊగే దీపంలా హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. మూడోది ఎర్ర పెట్టె. దాన్ని ఫ్లాంజరు అంటారు. ఆ ఎర్ర పెట్టె తొక్కి, తీగ మీద ఒక్క దెబ్బ వేసింది. మోత పైకి పాకి, మళ్ళీ కిందికి జారింది. ఇంటి మీదుగా విమానం పోయినట్టు ఉంది.

"బాగానే ఉందిగా," అన్నాను.

"బాగానే ఉంటుంది. గుమ్మం దాకా వస్తుంది, తొంగి చూస్తుంది, వెళ్ళిపోతుంది. ఎన్నిసార్లు తొక్కినా అంతే. కూర్చోమన్నా కూర్చోని చుట్టం. నాకు దాటాలి చిన్నమ్మమ్మా. నా ముక్క చివర్న అది గుమ్మం దాటాలి."

ఆ పిల్ల చెప్పింది నిజమే. పెట్టె వచ్చిన మోతని రెండుగా చీలుస్తుంది. ఒకదాన్ని వెంట్రుకవాసి ఆలస్యం చేసి, ఆ ఆలస్యాన్ని పెంచుతూ తగ్గిస్తూ మళ్ళీ మొదటిదానితో కలుపుతుంది. ఆలస్యం ఎంత తగ్గినా ఎంతో కొంత మిగిలే ఉంటుంది. వెనకున్నది ముందున్నదాన్ని ఎప్పటికీ అందుకోదు. పెట్టెలు రాకముందు ఇదే పని మేము చేత్తో చేసేవాళ్ళం, దాటించి మరీ.

ఇదంతా నాకు బడిలో చెప్పలేదు. నేను అయిదో తరగతితో ఆగినదాన్ని. పెళ్ళయి వచ్చిన కొత్తలో, మిషన్లతో వచ్చిన లావుపాటి పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని ఆరు నెలలు చదివాను. అది అయిపోయాక పక్కనున్న ప్రెస్సువాళ్ళు పారేసే కాగితాలు చదవడం మొదలుపెట్టాను. ఇప్పటికీ ఆపలేదు.

చేత్తో చేయడం ఇలాగ. ఒకే పాటని రెండు మిషన్లలో రెండు టేపుల మీదికి ఎక్కిస్తాం. టేపు మీద తెల్ల పెన్సిలుతో గుర్తు పెట్టి, రెండింటినీ ఒకేసారి తిప్పుతాం. రెండూ కలిసే నడుస్తుంటాయి. రెండో మిషను దగ్గర కూర్చున్న మనిషి తిరుగుతున్న చక్రం అంచు మీద బొటనవేలు ఆనించాలి. నొక్కకూడదు. నిద్రపోయే పసిపిల్ల నుదురు తాకినట్టు ఆనించాలంతే. ఆ టేపు రవ్వంత వెనకబడుతుంది. ఆ ఎడంలోంచే ఆ మోత పుడుతుంది. తరవాత ఆ మనిషి వేలు వదిలెయ్యాలి. అదే క్షణాన మొదటి మిషను దగ్గర మనిషి తన చక్రం మీద వేలు ఆనించాలి. ముందున్నది నెమ్మదిస్తుంది, వెనకున్నది దాన్ని అందుకుని దాటిపోతుంది. ఒక మిషనునుంచి వచ్చే వైరుని ముందే తిరగేసి కలిపి ఉంచితే, రెండూ సరిగ్గా కలిసిన చోట ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి. రెప్పపాటు ఏమీ వినబడదు. మరుక్షణం అవతలి గట్టున మళ్ళీ లేస్తుంది. పిట్టకి కావలసింది ఆ రెప్పపాటు.

దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకప్పుడు ఆ ఇద్దరం నేనూ, మా తోడికోడలూ. నేను అక్కా అని పిలుస్తాను. బావగారి భార్య. పై అంతస్తులోనే ఉంటుంది. ఈ గదిలోకి దిగే లోపలి మెట్లు పదిహేడు. వీధిలోకి వెళ్ళాలంటే బయట వేరే మెట్లున్నాయి, రోజూ కూరగాయలకి వాటి మీంచే వెళ్ళొస్తుంది. లోపలి పదిహేడు మాత్రం ముప్పై ఒక్క ఏళ్ళుగా దిగలేదు.

ఎందుకు దిగలేదో ఇంట్లో అందరికీ తెలుసు. నిజంగా ఎందుకో నాకొక్కదానికే తెలుసు.

*

"ఆ పెట్టె చేస్తోందిగా, ఇంకా ఈ ముసలి మిషన్లెందుకే?" అంటూ వచ్చారు బావగారు, చేతిలో గోనెగుడ్డలతో. మిషన్లకి చుట్టడానికి. ఎనభై రెండేళ్ళు ఆయనకి. చేతులు వణుకుతాయి కాని మాట వణకదు.

"పెట్టె దాటదు తాతయ్యా."

"దాటకపోతే ఏం? వినేవాళ్ళకి తెలుస్తుందా?"

"నాకు తెలుస్తుంది."

"వినేది నువ్వొక్కదానివేనా?"

"మొదట వినేది నేనే."

ఆయన నా వైపు తిరిగారు. "విన్నావా అమ్మాయ్? ఈ నోరు మా వైపుది కాదు."

"మీ వైపుదే బావగారూ. మూతి కూడా మీదే," అన్నాను. పిట్ట పకాలున నవ్వింది. ఆయన కూడా నవ్వు ఆపుకుంటూ గోనెగుడ్డలు బల్ల మీద పడేశారు.

"నాలుగయ్యేలోపు ఏం చేసుకుంటారో చేసుకోండి. టేపు తెగితే నన్ననకండి."

పిట్ట తన ముక్క మొత్తం వాయించింది. రెండు టేపుల మీదికీ ఎక్కించాం. గుర్తులు పెట్టాను. మా గదిలో మిషన్లు ఎదురెదురు గోడలకి ఉంటాయి, కాబట్టి కూర్చున్న ఇద్దరూ వీపుకి వీపు పెట్టుకుని కూర్చోవాలి. నేను ఎప్పటిలాగే రెండోదాని దగ్గర కూర్చున్నాను. అక్కడినుంచి వీధి వైపు గాజుతలుపు కనిపిస్తుంది. పిట్ట మొదటిదాని దగ్గర కూర్చుంది. రెండు మిషన్ల మోతా కలిసి పిట్ట కంప్యూటరులోకి వెళ్తుంది.

మొదటిసారి పిట్ట వేలు బరువైంది. టేపు మూలిగింది. రెండోసారి అసలు ఆననే లేదు. మూడోసారి నేను వదిలాను, అది ఆనించింది, కాని గిటారు వాయించే చెయ్యి కదా, గబుక్కున పట్టుకుంది. చక్రం ఆగిపోయింది. చూస్తే టేపు జానెడు మేర సన్నగా సాగిపోయి ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళ తరవాత మళ్ళీ అదే మిషను మీద అదే సాగిన టేపు.

"బండచెయ్యి మనవరాలు బండచెయ్యే," అన్నారు బావగారు మూలనుంచి. వేళాకోళానికే అన్నారు.

పిట్ట నవ్వలేదు. "అమ్మమ్మ నిజంగా అంత పాడుచేసిందా చిన్నమ్మమ్మా?"

నేను సాగిన ముక్కని కత్తిరించి, అతికిస్తూ కూర్చున్నాను. అది సాగింది ముక్క అయిపోయాక మిగిలిన ఖాళీ మీదే కాబట్టి ముక్కకేం కాలేదు. అదృష్టం. అలాంటి అదృష్టం అక్కకి పట్టలేదు.

*

ఆ రోజు ఒక పెద్ద బ్యాండు వచ్చింది. అంత పెద్దవాళ్ళు మా గదిలో అడుగుపెట్టడం అదే మొదలు. గిటారు వాయించేవాడు ఆ మోత కావాలన్నాడు. గాజు వెనక బావగారు. మిషన్ల దగ్గర మేమిద్దరం. వీపులు ఎదురు కాబట్టి మాకొక పద్ధతి ఉండేది. నేను వేలు వదలగానే కాలితో నేల మీద ఒక్క తట్టు తట్టేదాన్ని. ఆ తట్టు వినగానే అక్క తన వేలు ఆనించేది. చూడనక్కర్లేదు, మాట్లాడనక్కర్లేదు. ఆరేళ్ళు అలా చేశాం, ఒక్కసారి తప్పలేదు.

ఆ మధ్యాహ్నమే మా ఆయన వేరే ఊళ్ళో మూడు నెలల పనికి బయల్దేరారు. నాకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బు. ఎవరు వెళ్తున్నా చివరిదాకా చూడాలి. చూడకపోతే తిరిగి రారని భయం. వీధి చివరికి సబ్బు కొనడానికి వెళ్ళినా సరే. ఆయన పెట్టె పట్టుకుని గాజుతలుపు అవతల నిలబడి చెయ్యి ఊపారు. నేను తల తిప్పి చూశాను. వదలాల్సిన వేళ అయిందని కాలికి తెలుసు, తట్టింది. వేలికి తెలియలేదు. చక్రం మీదే ఉండిపోయింది.

తట్టు విని అక్క తన వేలు ఆనించింది. నాది వదలలేదు కాబట్టి రెండు టేపులూ సమానంగా నెమ్మదించాయి. ఎడం ఎక్కడిది అక్కడే ఉంది. కలవాల్సిన చోట కలవలేదు. తన వేలు చాలలేదేమోనని అక్క ఇంకొంచెం ఒత్తింది. ఇంకా కలవలేదు. ఇంకా ఒత్తింది. టేపు సాగిపోయింది.

సాగింది మొదటి మిషను మీద. అందరి కళ్ళూ మొదటి మిషను వైపే. బ్యాండువాళ్ళు మిగిలిన టేపు తీసుకుని వేరే చోటికి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. బావగారు అందరి ముందూ అన్నారు: "బండచెయ్యి. ఇకమీద మిషను ముట్టుకోకు." ఆ పేరు ఇంట్లో పాతుకుపోయింది. పిల్లలు కూడా అనేవాళ్ళు. అక్క కూడా తనని తాను అనుకునేది. గాజు గ్లాసులు పై అరలోకి ఎక్కించేసింది, తన చేతికి స్టీలువే చాలునంది. మనవరాలు పుట్టినప్పుడు ఎత్తుకోమంటే, నా చెయ్యి మంచిది కాదు, మీరెత్తుకోండి అని పక్కన నిలబడి చూసింది.

నేనేం చెప్పలేదు. మొదటి రోజు భయం. రెండో రోజు ఇంకా భయం. నెల గడిచాక, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారని భయం. భయం పాతబడే కొద్దీ నాకు దాన్ని పట్టుకునే ఓపిక పెరిగిందే తప్ప తగ్గలేదు.

ఇంతా చేస్తే మా ఆయన నాలుగో రోజుకే తిరిగొచ్చేశారు. ఆ ఊరి నీళ్ళు పడక జలుబు చేసిందట. ఆ చెయ్యి ఊపడం చూడటం కోసం నేను అక్క చెయ్యి తీసేశాను. ఆరేళ్ళ కిందట ఆయన నిజంగానే వెళ్ళిపోయిన పూట నేను వంటింట్లో ఉన్నాను. చెయ్యీ ఊపలేదు, నేనూ చూడలేదు.

*

టేపు అతికించి లేచాను. ఒంటిగంట అయింది.

"ఎక్కడికి చిన్నమ్మమ్మా?"

"మొదటి మిషను మనిషిని పిలుచుకొస్తాను."

బావగారు తలెత్తారు. "అది దిగదు."

"దిగకపోతే నేను కూడా కిందికి రాను. అప్పుడు గుడ్డలు మీరే చుట్టుకోండి."

అలా ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. పదిహేడు మెట్లు ఎక్కేలోపు నాలుగుసార్లు ఆగాను.

అక్క వంటింట్లో స్టీలు గిన్నెలు తోముతోంది. నన్ను చూసి, "ఏమిటే, ఎవరో తరిమినట్టు వచ్చావు?" అంది.

"కూర్చో అక్కా."

"చేతులు తడిగా ఉన్నాయి. చెప్పు."

"ఆ రోజు నేను వేలు వదల్లేదు."

"ఏ రోజు?"

అడిగింది కాని, అడుగుతూనే కుళాయి కట్టేసింది.

"తట్టాను. వదల్లేదు. ఆయన తలుపు దగ్గర చెయ్యి ఊపుతుంటే అటు చూశాను. నా వేలు దాని మీదే ఉండిపోయింది. నీ చెయ్యి సరిగానే ఆనింది. నాది వదలకపోబట్టి కలవలేదు, కలవకపోబట్టి నువ్వు ఒత్తావు. నీ తప్పు కాదు. నీ చెయ్యి బండది కాదు. ఎప్పుడూ కాదు."

అక్క నా మొహం వైపు చూడలేదు. తన కుడి బొటనవేలి వైపు చూసింది. కొంగుకి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"నేను అనుకున్నాను," అంది, "నా వేలికి స్పర్శ తెలియడం ఆగిపోయిందని. డాక్టరుకి చూపించుకున్నాను కూడా. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా. ఆయన సూదితో గుచ్చి చూసి, అన్నీ తెలుస్తున్నాయిగా అమ్మా అన్నాడు. ఆయనకేం తెలుసు అనుకున్నాను."

"అక్కా..."

"మాట్లాడకు."

ముక్కాలిపీట జరిపింది, ఎక్కింది. పై అరలోంచి గాజు గ్లాసు ఒకటి తీసింది. దాని మీద దుమ్ము గడ్డకట్టి ఉంది. కడిగింది. నీళ్ళు పట్టుకుంది. నా ఎదురుగా నిలబడి, ఆ గ్లాసు ఒక్క చేత్తో పట్టుకుని, నిదానంగా, అడుగు దాకా తాగింది. మళ్ళీ కడిగి కింది అరలో స్టీలు గ్లాసుల ముందు పెట్టింది. చప్పుడు కాలేదు.

"ముప్పై ఒక్క ఏళ్ళు పక్కనే కూర్చుని కూరలు తరిగావు నాతో."

"తరిగాను."

"నా మనవరాలిని నేను ఎత్తుకోలేదు. నువ్వెత్తుకున్నావు."

అక్క కొంగు బిగించి దోపింది.

"క్షమించాననుకోకు. అది వేరే రోజు మాట్లాడతాను, తీరిగ్గా, నీకు నిద్ర పట్టకుండా. ఇప్పుడు నా మిషను కోసం దిగుతున్నాను. పక్కకి తప్పుకో."

*

లోపలి మెట్ల మీద అక్క అడుగులు విని బావగారు లేచి నిలబడ్డారు.

"ఏమే, నువ్వెందుకు దిగావు?"

"నా మిషను దగ్గరికి దిగాను."

"అది అమ్మేశాను."

"మిషన్నమ్మారు. నా చెయ్యి కూడా బేరంలో పెట్టారా?"

"ఈ చెయ్యి వల్లే కదా అప్పుడు..."

"ఆ చెయ్యి నాది బావగారూ," అన్నాను. పైన వంటింట్లో చెప్పిందంతా మళ్ళీ మొదటినుంచి చెప్పాను. తట్టడం, వదలకపోవడం, తలుపు, అన్నీ.

ఆయన నన్నూ అక్కనీ మార్చి మార్చి చూశారు. "అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు తవ్వుతావమ్మా?"

"పూడ్చినదాన్ని నేనే కదా. ఇంకెవరు తవ్వుతారు?"

"తవ్వితే ఏం వస్తుంది? ఆ బ్యాండువాళ్ళు తిరిగొస్తారా? అయినా ఎవరి వేలయితే ఏం, టేపు సాగింది. గది పేరు పోయింది. నాలుగింటికి మనుషులొస్తారు. లేవండి ముగ్గురూ."

అక్క మొదటి మిషను ముందు కూర్చుంది. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి కుర్చీయే. ఎత్తు సరిపోలేదు. పిట్ట గిటారు సంచీ మడిచి కింద వేసింది.

"మీరు లేవమన్నారు, విన్నాను," అంది అక్క. "అప్పుడు కూడా లేవమన్నారు, లేచాను. ఈసారి లేవను. రెండో మిషను! వచ్చి కూర్చో."

నా పేరు పెట్టి పిలవలేదు, వరస పెట్టి పిలవలేదు. వెళ్ళి కూర్చున్నాను. వీపుకి వీపు.

"ఇవాళ తట్టకు," అంది వెనకనుంచి. "నీ కాలిని నేను నమ్మను. నోటితో చెప్పు. వదిలితే వదిలానని గట్టిగా చెప్పు."

"నోటితో చెప్తే రికార్డులోకి..." అన్నాను.

"మైకు లేదు చిన్నమ్మమ్మా, తీగల్లోంచి వెళ్తుంది. ఎంత గట్టిగానైనా అరవచ్చు," అంది పిట్ట.

టేపులు గుర్తు దగ్గరికి తెచ్చాం. పిట్ట వేళ్ళతో మూడు దాకా చూపించింది. రెండు మిషన్లూ ఒకేసారి తిరిగాయి. మొదట్లో వేళ్ళతో పనిలేదు. పిట్ట గిటారు గదంతా నిండింది. ఆ పిల్ల వాయింపులో బతిమాలడం ఉండదు. కోపం కూడా కాదు. ఇది నాది, ఇక్కడే నిలబడతాను అన్నట్టు ఉంటుంది. మూడు నిమిషాలు గడిచాయి.

పిట్ట తల ఊపింది. నేను వేలు ఆనించాను. మోత నెమ్మదిగా రెండుగా విడింది, వాటి మధ్యలోంచి ఆ గాలి పుట్టి కిందికి, ఇంకా కిందికి దిగడం మొదలుపెట్టింది.

అప్పుడు బావగారు, "అయితే మీరే ఉండండి. నేను పోతున్నాను," అన్నారు. చెప్పుల చప్పుడు నా పక్కనుంచి వెళ్ళింది. గాజుతలుపు తీసిన కిర్రు వినిపించింది.

నా మెడ నా మాట వినదు. ఎనభై రెండేళ్ళ మనిషి, కోపంలో, ఎండలో, చేతికర్ర లేకుండా. కర్ర గోడకే ఆనించి ఉందని నాకు కంటి చివర్నుంచి తెలుస్తోంది. అటు చూడమని ప్రాణం మొత్తం లాగింది. చూడకపోతే తిరిగి రారని, నా చిన్ననాటి భయం చెవిలో అరిచింది. నేను చక్రం వైపే చూశాను. తిరుగుతున్న అంచు మీద గోరు పక్కన నా వేలి చర్మం తెల్లబడి ఉంది. పోతే పోనీ, అనుకున్నాను. ఎవరు వెళ్ళినా వెళ్ళనీ. ఈ ఒక్కటి మాత్రం చూడను.

"వదిలా!" అని అరిచాను. నిజంగా వదిలాను.

వెనక అక్క వేలు ఆనడం నాకు వినిపించలేదు. వినబడేది కాదు అది. కింది దాకా దిగిన మోత తిరిగి లేచింది. సన్నబడుతూ, పదునెక్కుతూ, పైకి, చెవి అందుకోలేనంత పైకి, ఇక తెగిపోతుందేమో అనిపించేంత పైకి వెళ్ళింది.

ఏమీ లేదు. గదిలో రెండు చక్రాలు తిరిగే గరగర మాత్రమే.

ఆ తరవాత అవతలినుంచి గిటారు తిరిగొచ్చింది. మొదట వచ్చినదే, కాని వేరే మనిషి వాయించినట్టు వచ్చింది. నిండుగా దిగి నేల మీద నిలబడింది.

పిట్ట రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. టేపు చివరికొచ్చి తోక కొట్టుకుంటున్నా ఎవరూ ఆపలేదు.

"దాటింది," అంది పిట్ట. "అమ్మమ్మా, దాటింది!"

"దాటకేం చేస్తుంది," అంది అక్క. గొంతు గట్టిగానే ఉంది. తన వేలు ఇంకా చక్రం మీదే ఉంది.

అప్పుడు తల తిప్పాను. గాజుతలుపు అవతల బావగారు వీధి వైపు తిరిగి నిలబడి ఉన్నారు. ఒక్క అడుగు కూడా వెళ్ళలేదు. కాసేపటికి తలుపు సందు చేసి, మా వైపు చూడకుండా అడిగారు:

"దాటిందా?"

"విన్నారుగా," అంది అక్క.

"తలుపు అడ్డం. సరిగా వినబడలేదు."

"అయితే లోపలికొచ్చి వినండి. ఇంకోసారి వేస్తున్నాం."

"ఇదే చాలా బాగుంది అమ్మమ్మా, ఇంకోటి అక్కర్లేదు," అంది పిట్ట.

"నీకు అక్కర్లేదు. నీది అయిపోయింది. ఇది నాకు."

పిట్ట మారు మాట్లాడకుండా టేపులు వెనక్కి తిప్పింది. బావగారు లోపలికొచ్చి, కర్ర తీసుకుని, గోనెగుడ్డల కుప్ప మీద కూర్చున్నారు. గోడ మీది తన సుద్దరాతని ఒకసారి చూసుకున్నారు. చెరపలేదు.

వీధిలో బండి ఆగింది. నాలుగు కాకుండానే వచ్చేశారు. ఇద్దరు మనుషులు భుజాన తాళ్ళతో తలుపు తోసుకుని వచ్చి, గదంతా కలయజూశారు.

"ఇవేనా అండీ? ఏది ముందు ఎత్తమంటారు?"

బావగారు నోరు విప్పేలోపు అక్క కుర్చీలో వెనక్కి తిరక్కుండానే జవాబు చెప్పింది.

"ముందు నన్నెత్తు నాయనా. తరవాత మిషను సంగతి చూద్దువుగాని. నేను ఎత్తనిస్తే."

వాళ్ళు బావగారి వైపు చూశారు. బావగారు కర్ర పిడి వైపు చూసుకున్నారు. పెద్దవాడు నవ్వాడు, చిన్నవాడు తాళ్ళు దించి గుమ్మంలో కూర్చున్నాడు.

"నోటితో," అంది అక్క నా వీపు వెనకనుంచి.

"నోటితోనే," అన్నాను.

పిట్ట వేళ్ళు చూపించింది. ఒకటి. రెండు. మూడు.